సిస్టమ్ అప్‌డేట్ అవతా ఉంది, రేపు రా

2025 అక్టోబరు 14న మీరేం చేస్తా ఉన్నారు?

గుర్తుండదు. మంగళవారం. మామూలు పొద్దే. ఆ రోజుతో విండోస్ 10 విషయంలో మైక్రోసాఫ్ట్ చేతులు దులుపుకుంది. ఇంక దాంట్లో ఏ కన్నం బయటపడినా మామూలుగా పూడ్చేది లేదని చెప్పేసింది.

ఇదేమన్నా ఉరుము లేని పిడుగా? 2021లోనే తేదీతో సహా చెప్పారు. నాలుగేళ్లు! నాలుగేళ్లలో మనం చేసిందేమిటి? తెర మీద హెచ్చరిక లేచినప్పుడల్లా 'తర్వాత గుర్తు చెయ్' అన్న చోట నొక్కాం.

గడువు దాటాక కొందరు రాత్రికి రాత్రి విండోస్ 11 ఎక్కించేశారు. కొందరు ఏమీ చేయకుండా గమ్మునున్నారు. ఎక్కించిన చోట ప్రింటర్ కదల్లేదు. ఎక్కించని చోట దొంగకు తలుపు బార్లా తెరిచే ఉంది. రెండు చోట్లా అడిగే నాథుడు లేడు.

మీరు అడిగారా?

"సర్వర్ డౌనమ్మా." "ప్రింటర్ తీసుకోలేదు." "వేలిముద్ర మిషన్ పలకడం లే." "సిస్టమ్ అప్‌డేట్ అవతా ఉంది, రేపు రాప్పో."

ఈ మాటలు ఎన్నోసార్లు వినుంటారు. విని ఏం చేశారు? ఫోను చూసుకుంటా బండి తీసి ఇంటికొచ్చేశారు. మీకు బండి ఉంది. రేపంటే రేపు. ఎల్లుండంటే ఎల్లుండి. మీ పక్కన నిలబడినామె ఏదో పల్లె నుంచి పాకాలకు బస్సెక్కి వచ్చింది. ఆ పొద్దు కూలి పోగొట్టుకుని వచ్చింది. బిడ్డకు ఆదాయం సర్టిఫికెట్ కావాల. కౌన్సెలింగ్‌కు రేపే ఆఖరు. ఆమెకు విండోస్ 10 ఏందో, 11 ఏందో తెలియదు. తెలియాల్సిన పని లేదు. తెలియాల్సినోళ్లకు తెలుసా అన్నదే నేనడిగేది.

ఇంత జరుగుతా ఉంటే మనకు కోపం ఎందుకు రాదు? బస్సు అరగంట ఆలస్యమైతే డ్రైవర్ మీదికి పోతాం. హోటల్లో సాంబారు చల్లగా ఉంటే యజమానిని పిలిపిస్తాం. కౌంటర్లో కంప్యూటర్ చస్తే మాత్రం, అది దైవలీల అన్నట్టు తలకాయ ఊపి వచ్చేస్తాం. కంప్యూటర్ దానంతటది చావదు. దాన్ని ఎవరో ఒకరు పట్టించుకోలేదు. ఆ ఎవరో ఒకరికి పేరుంది, కుర్చీ ఉంది, జీతం ఉంది.

ఇంకో సంగతి చెప్పనా? మీసేవ కౌంటర్ల కథ మొదలైందే మన గడ్డ మీద. 2011 నవంబరు 4న అది పుట్టింది ఉమ్మడి చిత్తూరు జిల్లాలో. మొదలుపెట్టిన ముఖ్యమంత్రి నల్లారి కిరణ్‌కుమార్ రెడ్డి ఆ జిల్లా మనిషే. రాష్ట్రానికంతటికీ మీసేవ కౌంటర్ ఎట్లుంటుందో చూపించింది మనం. 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలొచ్చాయి. ప్రతి పల్లెకూ మిషన్ వచ్చింది.

మిషన్ వచ్చింది. దాన్ని చూసుకునే మనిషి?

ఒక పిల్లోడిని కూర్చోబెట్టారు. టైపు వాడే కొట్టాల. స్కానింగ్ వాడే చేయాల. సర్వే అంటే వాడే పోవాల. ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటే వాడే లాగాల. పొద్దున్నే తెర నీలంగా మారి కదలకుంటే దానికీ వాడే జవాబుదారీ. జనం తిట్టేది వాడినే. పైనోళ్లు మెమో ఇచ్చేదీ వాడికే. అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం వాడి చేతికి ఇవ్వరు.

నవ్వొస్తా ఉందా? నాకు మండతా ఉంది.

సరే, పట్టించుకోకపోతే ఏమవుతుందంటారా? అయింది కదా. మన దగ్గరే అయింది. మర్చిపోయారు, అంతే.

2017 మే 12, శుక్రవారం. వాన్నాక్రై అనే పురుగు ప్రపంచం మీద పడింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కడితే గానీ తీయనంది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాయి. మరుసటి రోజుకి అది యాడికొచ్చింది? ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లలోకి. కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం, వాటితో పాటు మన చిత్తూరు. మొత్తం 18 పోలీసు యూనిట్లు. అప్పటి డీజీపీ నండూరి సాంబశివరావు ముందుజాగ్రత్తగా మిషన్లు లాగాఫ్ చేయించామన్నారు. రోజువారీ పనికి ఇబ్బంది లేదు, కంగారు పడొద్దన్నారు. తర్వాత కొద్ది రోజుల్లోనే టీటీడీ ఆఫీసుల్లోని కొన్ని పాత కంప్యూటర్లకూ అది తగిలింది. దర్శనం టికెట్ల జోలికి పోలేదు కాబట్టి అందరూ గోవిందా అనుకుని ఊపిరి పీల్చుకున్నారు.

పోలీసు స్టేషన్ కంప్యూటర్‌కే కన్నం వేశారయ్యా! దొంగతనం జరిగిందని మనం పోయి చెప్పుకునే చోట!

ఆ కన్నం పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ ఎప్పుడిచ్చిందో తెలుసా? 2017 మార్చి 14న. దాడికి దాదాపు రెండు నెలల ముందు. ఉచితంగా. నెట్ పెట్టి ఒక రాత్రి వదిలేసుంటే అయిపోయే పని. అప్పుడందరూ "పాత విండోస్ ఎక్స్‌పీ వల్లే ఇదంతా" అని తప్పించుకున్నారు. అదీ అబద్ధమే. ప్రపంచం మొత్తం మీద ఎక్కువగా దెబ్బతిన్నది విండోస్ 7. అప్పటికింకా దానికి నెలనెలా ప్యాచ్‌లు వస్తానే ఉన్నాయి. వచ్చింది, వేసుకోలేదు. అంతే కథ. చివరికి దాన్ని ఆపింది మనమా? కాదు. ఇంగ్లండులో మార్కస్ హచిన్స్ అని 22 ఏళ్ల కుర్రోడు. పురుగు వెతుకుతా ఉన్న ఒక వెబ్ చిరునామాను పది డాలర్ల చిల్లర పెట్టి కొన్నాడు, అది ఆగింది. ఆ కుర్రోడు ఆ పొద్దు లేకుంటే?

ఆ 2017 నుంచి మనం నేర్చుకున్న పాఠం ఏది? చూపించండి.

2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీ పోయింది. 2020 జనవరి 14న విండోస్ 7 పోయింది. 2025 అక్టోబరు 14న విండోస్ 10 పోయింది. మూడు సార్లు ఒకటే వరస. ముందు నిద్ర. తర్వాత హడావుడి. ఆ తర్వాత కౌంటర్లో 'రేపు రా'.

అప్‌గ్రేడ్ చేయడమంటే ఏమనుకుంటున్నారు మీరు? కొత్త ఇంజన్ బిగించి, బ్రేకు కలపకుండా బండిని మొగిలి ఘాట్‌లో వదిలినట్టు చేస్తా ఉన్నారు. కింద ఉండేదెవరు? జనం.

తెలుగు అక్షరం సంగతే తీసుకుందాం. ఇది నా కడుపు మండే విషయం.

ఊళ్లో ఏ డీటీపీ షాపుకైనా పోండి. శుభలేఖలు, గంగ జాతర కరపత్రాలు, స్కూలు ప్రశ్నపత్రాలు, ఏవైనా సరే ఇప్పటికీ ఎక్కువగా అనూ ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అడోబీ కంపెనీ దాన్ని ఎప్పుడో పక్కన పెట్టేసింది. మన షాపుల్లో ఇప్పటికీ అదే దేవుడు. అనూ పద్ధతిలో మిషన్ లోపల తెలుగు అక్షరం ఉండదు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల గదుల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టి ఉంటారు. ఆ ఫాంటు ఉంటే తెలుగు. లేకుంటే చెత్త. కొత్త విండోస్ ఎక్కించిన మరుక్షణం కీబోర్డు మేనేజర్ లేవనంటుంది, ఫాంటు కనపడనంటుంది. ఇరవై ఏళ్ల ఫైళ్లన్నీ గీతలూ చుక్కలూ కొమ్ములూ అయి తెర మీద ఆడతాయి. షాపాయన తల పట్టుకుంటాడు. "ఇంగ పాతదే ఎక్కించు నాయనా" అంటాడు. పాతదే ఎక్కిస్తారు. దొంగ కాపీ. అప్‌డేట్లు ఆపేసి మరీ. అదే మిషన్ మీద మీ ఆధార్ స్కాన్ చేస్తారు, మీ పాన్ కార్డు స్కాన్ చేస్తారు, మీ పాస్‌వర్డ్ కొట్టిస్తారు.

ఇంత పెద్ద రాజధానులూ యూనివర్సిటీలూ ఉన్న జాతికి, ప్రతి అక్షరానికీ సొంత గది ఇచ్చే యూనికోడ్ తెలియదా? తెలుగుకు యూనికోడ్‌లో చోటు దొరికింది 1991లో. విండోస్ ఎక్స్‌పీతోనే 2001లో గౌతమి ఫాంటు ఇంటికొచ్చింది. అనూ నుంచి యూనికోడ్‌కు మార్చే పరికరాలు ఏళ్ల తరబడి ఉచితంగా దొరుకుతా ఉన్నాయి. అప్‌గ్రేడ్‌కు ముందు ఫైళ్లను మార్చి పెట్టుకోండి, కనీసం ఫాంట్లు కలిపి పీడీఎఫ్ చేసి దాచుకోండి అని ఆ షాపాయనకు చెప్పినోడు ఎవడు? ఏ శాఖ? ఏ భాషా సంఘం? ఉగాదికి పంచెలు కట్టి సభలు పెట్టే పెద్దలు ఒక్కసారైనా ఒక డీటీపీ షాపు మెట్లెక్కారా?

గౌతమి కథ కూడా వినండి. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి ఫాంట్లు మామూలు సరుకులో లేవు. మిషన్‌కు తెలుగు భాషను చేర్చకుండా వదిలేస్తే అవి రావు. అందుకే పాత తెలుగు ఉత్తర్వు తెరిస్తే అక్షరం మారిపోయి, పేజీలు జరిగిపోయి, సంతకం ఎగిరి మూడో పేజీలో పడతా ఉంది. దీనికి మందు? సెట్టింగ్స్‌లోకి పోయి, ఆప్షనల్ ఫీచర్స్‌లో 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్' అనేదాన్ని చేర్చడం. కాఫీ చల్లారే లోపు అయిపోయే పని.

ఆ చిన్న పనికి జనాన్ని వారం తిప్పుతారా?

ఇంగ వినండి, గుక్క తిప్పుకోకుండా చెప్తా: ఫైళ్లు కాపీ చేసి పెట్టకుండానే అప్‌గ్రేడ్ నొక్కేవాడు, కరెంటు పోతుందని తెలిసీ యూపీఎస్ లేకుండా నొక్కేవాడు, సగంలో కరెంటు పోయాక బటన్ నొక్కి నొక్కి డిస్కును చంపేవాడు, సి డ్రైవ్ గొంతు దాకా నిండి ఉన్నా చూడకుండా పెద్ద మూట ఎక్కించి మధ్యలో ఇరికించేవాడు, ప్రింటర్ డ్రైవర్ కొత్త విండోస్‌కు ఉందో లేదో తయారీదారు సైట్‌లో ఒక్కసారి వెతకకుండా ప్రింటర్ చెడిపోయిందని తీర్పు చెప్పి కొత్తది అమ్మేవాడు, 2021 ఆగస్టు నుంచి షేర్ చేసిన ప్రింటర్‌కు అడ్మిన్ అనుమతి కావాలని రూలు మారితే దాన్ని చదవకుండా ఆఫీసంతా ఒకే మిషన్ దగ్గర పెన్‌డ్రైవ్‌లతో క్యూ కట్టించేవాడు, ఆ పెన్‌డ్రైవ్ వైరస్‌ను మండలమంతా పంచేవాడు, మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోయి తేదీ పదేళ్లు వెనక్కి పోతే సైట్లు తెరవడం లేదని నెట్ కంపెనీని తిట్టేవాడు, వేలిముద్ర పరికరానికి ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రాం మళ్లీ వేయాలని తెలియక ముసలామె వేళ్లు అరిగిపోయాయని ఆమెనే తప్పుపట్టేవాడు, డిజిటల్ సంతకం టోకెన్ డ్రైవర్ పోతే ఫైలు మీద ఫైలు పేర్చి నెల గడిపే అధికారి, డిస్కుకు తాళం పడుతుందని చెప్పకుండా మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిపించి పంపేవాడు, ఆ అకౌంట్ పాస్‌వర్డ్ తన ఫోన్‌లోనే పెట్టుకుని నంబరు మార్చేసేవాడు, డెస్క్‌టాప్ మీది ఫైళ్లు వన్‌డ్రైవ్‌లోకి జరిగితే పోయాయని చెప్పి రికవరీ పేరుతో వేలు గుంజేవాడు, లైసెన్స్ డబ్బు తీసుకుని యాక్టివేటర్ అనే దొంగ ప్రోగ్రాం వేసి డిఫెండర్‌ను గొంతు పిసికి చంపేవాడు, టెండర్లో మిషన్ కొనేటప్పుడు ఎనిమిదో తరం ప్రాసెసరా ఏడో తరమా అని చూడకుండా సంతకం పెట్టేవాడు, తనిఖీకొచ్చి గోడ మీద ఫొటో వంకరగా ఉందని గమనించి తెర మీద మూడు నెలలుగా వెలుగుతున్న ఎర్ర హెచ్చరికను గమనించనివాడు, ఇవన్నీ కళ్లారా చూసి 'మనకెందుకులే' అని టీ తాగడానికి పోయేవాడు.

ఆ ఆఖరివాడు మీరే.

కోపమొచ్చిందా? రానీండి.

కంపెనీని వదిలేస్తా ఉన్నానని అనుకోకండి. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలన్నారు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచే అన్నారు. బాగా పనిచేస్తున్న మిషన్లను ఒక్క గీతతో ముసలివి చేశారు. 24 కోట్ల కంప్యూటర్లు చెత్తకుప్పకు పోవచ్చని కెనాలిస్ అనే సంస్థ లెక్కగట్టింది. విండోస్ 10 వాళ్లకు 2026 అక్టోబరు 13 వరకు రక్షణ పొడిగిస్తామన్నారు. ఎట్లా? ఐరోపా వాళ్లకు అక్కడి వినియోగదారుల సంఘాలు గొంతెత్తేసరికి షరతులు సడలించి ఊరికే ఇచ్చారు. మనకు? 30 డాలర్లు కట్టు, లేదా సెట్టింగ్స్ అన్నీ మా క్లౌడ్‌లోకి పంపు, లేదా రివార్డు పాయింట్లు తెచ్చుకో. వాళ్లు అడిగారు, పొందారు. మనం అడిగామా? మన దగ్గర వినియోగదారుల సంఘాలు లేవా? ఈ వెసులుబాటు ఉన్నట్టయినా మీకు ఎవరన్నా చెప్పారా?

ఇంకో విడ్డూరం. విండోస్ 10 చచ్చిన ఆ అక్టోబరు 14నే విండోస్ 11కు ఒక అప్‌డేట్ వచ్చింది. అది వేసుకున్నవాళ్లకు రికవరీ తెరలో యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయలేదు. అంటే ప్రాణం మీదికొస్తే అక్కరకొచ్చే తెరలోనే చేతులు కట్టేశారు! ఆరు రోజులకు సరిచేశారు. 2018 అక్టోబరులో ఇంకా ఘోరం. ఒక అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లు, ఫొటోలు తుడిచేస్తే విడుదలనే ఆపేయాల్సి వచ్చింది. తయారుచేసినోడే ఇట్లా తప్పటడుగులు వేస్తా ఉంటే, కాపీ తీసి పెట్టుకోకుండా నొక్కే ధైర్యం మీకెట్లా వచ్చింది?

అట్లని అప్‌డేట్లే మానేద్దామంటారా? మానేసినందుకే కదా 2017లో పోలీసు స్టేషన్‌కు తాళం పడింది.

"మాకు తెలియదు కదా సార్" అంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. శ్రీహరికోట నుంచి ఉపగ్రహాలు ఎగరేసే తిరుపతి జిల్లా ఇది. ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది. శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ 1954 నుంచి ఉంది. ఏ రోడ్డు పట్టుకుని పోయినా ఒక ఇంజనీరింగ్ కాలేజీ బస్సు ఎదురొస్తుంది. ఇన్ని వేల మంది కంప్యూటర్ పిలకాయలున్న చోట ఒక ప్రింటర్ డ్రైవర్ వేసే మనిషి లేడా?

ఉన్నాడు. వాడిని పిలిచేవాడు లేడు. వాడికి ఒక పూట కూలి ఇచ్చేవాడు లేడు.

తెలియదన్నారు కాబట్టి చెప్తా. సాకు మిగలకూడదు.

అప్‌గ్రేడ్ అయినాక పది రోజులు పాత విండోస్ అక్కడే, విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్లో బతికే ఉంటుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాంట్లో రికవరీ, దాంట్లో 'గో బ్యాక్'. పని జరగకపోతే వెనక్కి పోవచ్చు. పది రోజులు దాటితే అది చెరిగిపోతుంది. మరి మీ ఆఫీసుల్లో ఏం చేస్తారు? పదిహేను రోజులు 'రేపు చూద్దాం' అని, పదహారో రోజు మెకానిక్‌కు ఫోన్ చేస్తారు. చోటు చాలడం లేదని ఆ ఫోల్డర్నే ముందు తుడిచేసే మహానుభావులు కూడా ఉన్నారు.

తెర నల్లగా ఉండిపోయిందా? విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి, డిస్‌ప్లే డ్రైవర్ మళ్లీ లేస్తుంది. ప్రింట్లు క్యూలో ఇరుక్కుని కదలడం లేదా? సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్‌ను ఆపి, మళ్లీ మొదలుపెట్టండి. శబ్దం రావడం లేదా, వైఫై కనపడడం లేదా? మిషన్ తయారుచేసిన కంపెనీ సైట్ నుంచి ఆ మోడల్ డ్రైవర్‌నే తెచ్చుకోండి. నెట్ డ్రైవర్‌ను మాత్రం అప్‌గ్రేడ్‌కు ముందే పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టుకోండి, తర్వాత నెట్టే లేకుంటే దేంతో తెస్తారు? మిషన్ లేచి పడి లేచి పడి తిరుగుతా ఉందా? లేచేటప్పుడు వరసగా రెండు మూడు సార్లు ఆపితే రికవరీ తెర వస్తుంది. అక్కడి నుంచి సేఫ్ మోడ్‌కు పోవచ్చు, చివరిగా వేసిన అప్‌డేట్‌ను తీసేయొచ్చు. సైట్లు సెక్యూరిటీ లోపం అంటా ఉన్నాయా? కింద మూలన తేదీ చూడండి. తప్పుంటే బిళ్ల బ్యాటరీ మార్చండి. సీఆర్ 2032. వంద రూపాయల లోపే.

వంద రూపాయల బిళ్ల కోసం పింఛను దరఖాస్తు ఆపిన చోట్లున్నాయంటే నమ్ముతారా? నమ్మండి.

తాళం సంగతి మాత్రం తమాషా కాదు. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ వచ్చినప్పటి నుంచి, కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా మిషన్లలో డిస్కుకు దానంతటదే తాళం పడుతుంది. ఆ తాళం పేరు బిట్‌లాకర్. ఒక రోజు బయోస్ మారినా, ఒక అప్‌డేట్ తేడా కొట్టినా నీలం తెర వచ్చి 48 అంకెల నంబరు అడుగుతుంది. 2024 జులైలో ఒక అప్‌డేట్ తర్వాత కొందరికి ఇట్లనే అడిగింది. ఆ నంబరు మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్లో ఉంటుంది. ఆ అకౌంట్ ఎవరిది? మీ పేరు మీదా, బిగించి పోయిన పిల్లోడి పేరు మీదా? నంబరు దొరక్కపోతే ఆ డిస్కులోది మీకు లేదు. మైక్రోసాఫ్ట్ కూడా తీయలేదు. ఒక బడి మార్కుల లిస్టులు, ఒక డాక్టరు రోగుల వివరాలు, ఒక ఇంటి పెళ్లి ఫొటోలు, అంతా మట్టి.

ఆ 48 అంకెలు ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టడానికి ఎంత సేపు పడుతుంది?

ఈ అయోమయాన్ని కాచుకుని కూర్చున్నోళ్లు వేరే ఉన్నారు. తెర మీద పెద్ద అక్షరాలతో 'మీ కంప్యూటర్‌కు వైరస్, ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని మోగిస్తారు. ఫోన్ చేస్తే, మీ మిషన్‌ను వాళ్ల చేతికిచ్చే ఎనీడెస్క్ అనే ప్రోగ్రాం వేయమంటారు. రిపేరు పేరుతో బ్యాంకు ఖాతా ఊడుస్తారు. మైక్రోసాఫ్ట్ ఎప్పుడూ తెర మీద ఫోన్ నంబరు వేసి పిలవదు. డబ్బు పోతే వెంటనే 1930కి చేయాల. ఈ రెండు వాక్యాలు ఎన్ని నెట్ సెంటర్ల గోడల మీద ఉన్నాయి? గోడ నిండా 300 రూపాయల దర్శనం టికెట్ల ప్రకటనలుంటాయి. వాటి పక్కన రెండు వాక్యాలకు చోటు లేదా?

కొత్త విండోస్ పట్టని పాత మిషన్లను ఏం చేయాలన్నది కూడా ఎవరో కొత్తగా కనిపెట్టాల్సిన పని కాదు. కేరళను చూడండి. అక్కడి సర్కారు బడులు ఏళ్లుగా, విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మీద నడుస్తా ఉన్నాయి. కైట్ అనే ప్రభుత్వ సంస్థే దాన్ని తయారుచేసి, టీచర్లకు నేర్పించి, చెడితే బాగుచేస్తుంది. మన హైదరాబాదులోనే స్వేచ్ఛ అనే బృందం తెలుగులో లైనక్స్ తెచ్చింది. చెన్నై సీడ్యాక్ బాస్ లైనక్స్ తెచ్చింది. మన బడుల ల్యాబుల్లో ఏముంది? గుడ్డ కప్పిన మిషన్లుంటాయి. గుడ్డ తీస్తే దుమ్ము. "విండోస్ 11 పట్టదంట సార్, అందుకే పక్కన పెట్టాం" అంటారు. బ్రౌజర్ చూడటానికి, లెటర్ టైపు కొట్టడానికి, పిలకాయలకు పాఠం చెప్పడానికి ఆ మిషన్ ఇంకో ఐదేళ్లు పనికొస్తుంది. అడిగేవాడుంటే.

అన్నిటికీ అదే జబ్బు. అడిగేవాడు లేడు.

మీరు తల్లిదండ్రుల కమిటీలో ఉంటారు. ల్యాబ్ ఎందుకు మూసుందని అడగరు. వార్డు మీటింగుకు పోతారు. సచివాలయం కంప్యూటర్‌కు ఎవరు బాధ్యులని అడగరు. మీరే ఆఫీసర్ అయితే ఏడాదికి ఒక్కసారి కూడా మీ మిషన్లలో ఏ విండోస్ ఉందో లిస్టు తెప్పించుకోరు. మీరే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయితే సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చి, నాయన నడిపే ఎరువుల కొట్లో కంప్యూటర్ మీద 'లైసెన్స్ గడువు ముగిసింది' అని కనపడతా ఉన్నా, నాలుగు రోజులు అరిసెలు తిని తిరిగి పోతారు. కంపెనీలో మాత్రం ఒక్క సర్వర్ అప్‌గ్రేడ్‌కు మూడు నెలల ప్లానింగ్, రెండు కాపీలు, వెనక్కి మళ్లే దారి, అర్ధరాత్రి కాల్. అక్కడ తెలిసిన విద్య ఇక్కడ ఎందుకు మర్చిపోతారు? ఇక్కడున్నోళ్లు కస్టమర్లు కారనా?

రేపు మండలాఫీసుకు పోతారు కదా. కౌంటర్ ముందు నిలబడి మూడు ప్రశ్నలు వేయండి. ఈ మిషన్‌లో ఉన్నది ఏ విండోస్? ఈ ఫైళ్ల కాపీ యాడుంది? ఇది చెడితే ఎవరికి ఫోన్ చేస్తారు, ఆ పేరు గోడ మీద ఎందుకు రాయలేదు? కౌంటర్లోని పిల్లోడి మీద అరవొద్దు, వాడూ మీలాగే ఇరుక్కున్నాడు. లోపలి గదిలో ఏసీ కింద కూర్చున్నాయన్ని అడగండి. కాగితం మీద రాసి, రసీదు తీసుకుని మరీ అడగండి. ఆయన "సిస్టమ్ ప్రాబ్లం" అంటే, సరే సార్, ఎన్ని గంటలకు సరిచేస్తారో ఆ కాగితం మీదే రాయమనండి. రాసేదాకా అక్కడి నుంచి కదలొద్దు.